డాక్టరు సారింటి సముద్రంలో పసుపు

మన శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఎక్కడ చూసినా ఒకే మాట అడుగుతున్నారు. "సార్, మీ సర్వీసులో బాగా కష్టమైన కేసు ఏది?" అని. అడ్డం తిరిగిన దూడను బయటికి లాగిన కథో, తాడు తెంపుకున్న ఎద్దు కథో చెబుతానని వాళ్ళ ఆశ. అవన్నీ చూశాను. వాటిలో ఏదీ నన్ను పెద్దగా భయపెట్టలేదు. నన్ను నిజంగా వణికించిన రోగి నా బొటనవేలంత ఉంటుంది. నారింజ రంగు ఒళ్ళు, దానిమీద మూడు తెల్లపట్టీలు. గేదెలా తన్నదు, కుక్కలా కరవదు. అద్దం వెనక నిలబడి మన ముఖంలోకి చూస్తుంది, అంతే.

నేను ఆర్మూర్ పశువుల దవాఖానలో వెటర్నరీ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. అది కాగితాల మీది పేరు. జనం నోట కాంపౌండర్నే. నాతోపాటు ఒక అటెండరు ఉండేవాడు. ఆలూర్ వైపు పసుపు పండించే కుటుంబం అతనిది. నన్ను అన్నా అని పిలుస్తాడు, నేను చెప్పింది సగమే వింటాడు. ఊడ్చి తుడిచే ఆమె ఒకామె ఉండేది. ఆదివారం చర్చికి, మిగతా రోజులు దవాఖానకు, రెండిటికీ ఒకే వేళకు వచ్చే మనిషి. మా అందరి మీదా డాక్టరు సారు.

సారు మంచివారు. ఉన్న ఒక్క పిచ్చి చేపలు. మామూలు చేపలైతే ఏ గొడవా ఉండేది కాదు. ఆయనవి సముద్రపు చేపలు. మన ఆర్మూర్‌కు ఏ దిక్కున చూసినా సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. అయినా సారు మార్కెట్ వెనక అద్దెకున్న ఇంటి హాల్లో, అల్మారా అంత గాజుతొట్టి పెట్టించి, అందులో ఒక చిన్న సముద్రాన్ని కలిపారు. కలపడమే మరి. సంచిలో వచ్చిన సముద్రపు ఉప్పును ఫిల్టరు నీళ్ళలో వేసి తిప్పాలి. తొట్టి పక్కన ఒక మిషను ఉంటుంది. అది నీళ్ళలోని మురికిని నురగగా చిలికి పైనున్న కప్పులోకి ఎత్తుతుంది. అడుగున పంచదారలాంటి తెల్ల ఇసుక. అందులో ఒక చేపల జంట. పెద్దది ఆడది, చిన్నది మగది. ఇంట్లో పెత్తనం పెద్దదానిదే.

ఆ ఏడు ఎండాకాలం సెలవులకు సారు పెళ్ళాం పిల్లలతో గోవా బయల్దేరారు. ఇంట్లో సముద్రం పెట్టుకుని సముద్రం చూడ్డానికి అంత దూరం పోవడమేమిటని మా ఆవిడ నన్నడిగింది.

సరిగ్గా అప్పుడే బదిలీల గాలి వీస్తోంది. నన్ను ఎక్కడో అడవి వైపు మండలానికి వేస్తున్నారని పై ఆఫీసు నుంచి కబురు వచ్చింది. రిటైర్మెంటు దగ్గర పడుతోంది. మా ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. ఇల్లు చూస్తే ఇక్కడే కట్టుకున్నాం. సారును కలిసి నా గోడు చెప్పుకున్నాను. ఆయన పెట్టె సర్దుకుంటూ, "రాగానే పై ఆఫీసుకు పోయి నీ సంగతి మాట్లాడతాను. ఈలోపు నా చేపలను జాగ్రత్తగా చూడు" అన్నారు. పాపం ఆయన ఆ రెండు మాటలకూ ముడి వేయలేదు. ముడి వేసుకున్నది నేను. చేపలు బతికితే ఆర్మూర్, చస్తే అడవి. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తాళంచెవి ఇస్తూ సారు మా ఇద్దరికీ పాఠం చెప్పారు. రోజూ చిటికెడు మేత. ఎండకు నీళ్ళు తగ్గితే గీత దాకా ఫిల్టరు నీళ్ళు, అవీ ఉప్పు లేనివి.

"ఉప్పునీళ్ళ చేపకు మంచినీళ్ళు పోసుడేంది సార్?" అన్నాడు అటెండరు.

"ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. మళ్ళీ ఉప్పు వేస్తే పచ్చడవుతుంది" అన్నారు సారు. తర్వాత నా వైపు తిరిగి, "ముఖ్యంగా, ఇంకేమీ చేయకండి" అన్నారు.

ప్రభుత్వోద్యోగికి ఏమీ చేయకుండా ఉండటం చాలా తేలికని జనం అనుకుంటారు. అది తప్పు. పని ఉన్నచోట చేయకుండా ఉండటం తేలికే గానీ, ఏ పనీ లేనిచోట చేతులు కట్టుకుని కూర్చోవడం మహా కష్టం. మా అటెండరు వల్ల అసలు కాలేదు. మొదటి వారంలోనే, నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే గాజు గొట్టాన్ని తొట్టిలోంచి తీసి, గేదె జ్వరం చూశాక థర్మామీటరును ఎలా విదిలిస్తామో అలాగే గట్టిగా విదిలించాడు. ఎన్నేళ్ళ అలవాటో అది. గొట్టం పోయి తొట్టి అంచుకు తగిలి రెండు ముక్కలైంది. "సారొచ్చేదాంక దాంతోని ఏం పని పడ్తదన్నా, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అంతా బాగానే నడిచింది. ఒకరోజు సాయంత్రం మేత వేయడానికి వెళ్ళాం. అటెండరు అద్దానికి ముక్కు ఆనించి పిలిచాడు.

"అన్నా, జర ఇటు రా. పెద్దదాని ఒంటి మీద గివేంది?"

చూశాను. నారింజ ఒంటి మీద, రెక్కల మీద, తెల్లటి చుక్కలు. ఉప్పు రవ్వలు చల్లినట్టున్నాయి. అది ఇసుకకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది.

"ఉప్పేమో" అన్నాను.

"ఉప్పు గాదన్నా. ఒళ్ళంత పొక్కులు, దురద, మేత ముడ్తలేదు. గిది ఖాయంగ తల్లి పోసింది."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. నిజం చెప్పాలంటే, పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు కనిపించే లక్షణాలన్నీ అక్కడున్నాయి. సారుకు ఫోన్ చేయాలి. జేబులోంచి ఫోను తీశాను కూడా. కానీ చేపకు బాగలేదని చెబుతూ అదే నోటితో నా బదిలీ సంగతి ఎలా గుర్తుచేయడం? రేపటికి తగ్గితే చెప్పే పనే ఉండదు కదా అనుకుని ఫోను మళ్ళీ జేబులో వేసుకున్నాను.

మర్నాడు నాకు ముప్కాల్ వైపు గాలికుంటు టీకాల పని పడింది. పొద్దంతా గేదెల వెంట తిరిగి, పొద్దు వాలే వేళకు సారింటి దగ్గర బండి ఆపాను. గేటుకు వేపమండలు కట్టి ఉన్నాయి. తలుపుకూ కట్టి ఉన్నాయి. కిటికీ ఊచలకు కూడా వదల్లేదు. లోపలికెళ్ళి చూస్తే సముద్రం లేదు. దాని చోట గాజుతొట్టి నిండా పప్పుచారు ఉంది.

పసుపు పడేసరికి నురగ మిషను రెచ్చిపోయింది. కప్పు నిండి, పొంగి, పసుపుపచ్చ నురగ అల్మారా మీదుగా కారి సారు వాళ్ళ తెల్లటి నేల మీద పరుచుకుంటోంది. అటెండరు పిలుచుకొచ్చినట్టుంది, ఊడ్చే ఆమె చీర ఎగ్గట్టి గుడ్డతో ఎత్తి బకెట్లో పిండుతోంది. అటెండరు తొట్టి ముందు చేతులు జోడించి కూర్చున్నాడు.

"ఏం జేసినవ్?" అన్నాను.

"పసుపేసిన."

"ఎంతేసినవ్?"

"జరంతనే. దోసెడు." నా ముఖం చూసి తొందరగా, "మా ఇంటి పసుపన్నా. బజార్ది గాదు. మేమే పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టి పట్టించినం. రవ్వంత కల్తీ ఉండది" అన్నాడు.

అతన్ని తిట్టే హక్కు నాకు లేదు. మందులు అయిపోయిన నెలల్లో మా దవాఖానలోనే ఎద్దు మెడ పుండుకు పసుపూ వేపనూనే కలిపి రాసేవాళ్ళం. రాసింది అతను, రాయమన్నది నేను. పుట్టినప్పటినుంచీ తెగిన వేలికీ, దగ్గుకీ, పెళ్ళికీ, చావుకీ పసుపు తప్ప ఇంకోటి ఎరుగని ఊరు మాది. చేప ఒక్కదానికి వద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఊడ్చే ఆమె నడుము పట్టుకుని లేచి నిలబడింది. "మా పిల్లగాండ్లకు పోసినప్పుడు నేను గూడ వేపాకు కట్టిన సార్, గది తప్పంట లేను. గని తెల్లారి లేస్తే నీళ్ళల్ల ఉండేదానికి తానం పోసుడేంది?" అని అడిగింది.

నురగ మిషను ఆపాను. పాలు వడగట్టే గుడ్డతో పసుపు దేవడానికి చూశాం. చేపలు కనబడలేదు. చచ్చాయనే అనుకున్నాను. కళ్ళ ముందు అడవి కనిపించింది, అందులో మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని నా వైపు చూస్తోంది. అంతలో ఆ పచ్చటి మసకలోంచి ఒక నారింజ ముఖం అద్దం దగ్గరికి వచ్చి, ఇదేం పనిరా అన్నట్టు నోరు తెరిచి మూసింది. దాని వెనకే చిన్నది కూడా వచ్చింది. వాటిని చూసి నాకు ఏడుపొచ్చింది.

తెల్లారి అందరం సారింటికి చేరి, నేను ఫోన్ చేసేలోపే సారు ఫోన్ వచ్చింది. ఎవరో పసుపు రైతు తన గేదె ఈనలేదని ఆయనకు ఫోన్ చేసి, చివర్లో, "మీ ఇంట్ల అమ్మవారు పోసిందట గద సార్, పిల్లలు పైలమేనా?" అని అడిగాడట.

"పిల్లలు నా ముందే ఇసుకలో ఆడుకుంటున్నారయ్యా. మా ఇంట్లో అమ్మవారు ఎవరికి పోసింది?" అన్నారు సారు నాతో.

"పెద్దదానికి సార్."

"పెద్దదెవరు?"

"చేప సార్."

అవతల అలల చప్పుడు వినిపించింది.

"తెల్ల చుక్కలా?" అన్నారు చివరికి.

"అవును సార్."

"నీళ్ళల్లో ఏమైనా వేశారా?"

"కొంచెం పసుపు సార్."

"ఎంత కొంచెం?"

"మనకు కాదు సార్, రైతుకు కొంచెం."

సారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆపరేషన్ చేసేటప్పటి గొంతుతో వరసగా చెప్పారు. వెనక గదిలో నల్లబొగ్గు సంచి ఉంది, దాన్ని నీళ్ళు వడిగా పారే చోట వేలాడదీయాలి. తొట్టిలో సగం నీళ్ళు తోడేయాలి. కొత్త నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, గాజు గొట్టం ముంచి, ఇరవై అయిదు గీత దగ్గర తేలిందాకా చూసి, మెల్లగా పోయాలి. "ఉప్పు తేడా వస్తే పసుపు చేయని పని ఉప్పు చేస్తుంది, జాగ్రత్త. మేం విమానం పట్టుకుని పొద్దుగూకేలోపు వస్తున్నాం. ఇంట్లో అమ్మవారుంటే ఇక్కడ తిరగడమేమిటని మా ఆవిడ వినడం లేదు. నిన్న తిన్న చేపల వేపుడు తలుచుకుని ఒకటే ఏడుపు" అన్నారు.

ఫోన్ పెట్టేశాక అటెండరు వైపు చూశాను. అతను గాజు గొట్టం రెండు ముక్కల వైపు చూస్తున్నాడు.

"నాలిక మీద ఏసుకోని చూద్దమా? సారింటి నీళ్ళ రుచి నాకెర్కనే" అన్నాడు. ఎలా తెలుసని నేను అడగలేదు.

దారి చూపింది ఊడ్చే ఆమె. వాళ్ళాయన పాలకేంద్రంలో పనిచేసేవాడు. "పాలల్ల నీళ్ళు కలిపిండ్రా లేదా అని ముంచి చూస్తరు గద, గాజుది. గదీ గట్లనే తేలుతది. తెమ్మంటరా?" అంది. నాకు వెలిగింది. ఆ గొట్టమైనా ఈ గొట్టమైనా చెప్పేది ఒక్కటే, మామూలు నీళ్ళకంటే ఇది ఎంత చిక్కన అని. గీతలు కూడా అవే. ఆమె వెళ్ళి కొంగులో చుట్టి తెచ్చింది.

ఆటోలో ఫిల్టరు నీళ్ళ డబ్బాలు దింపించాం. డ్రమ్ములో ఉప్పు పోసి తిప్పుతూ, పాల గొట్టం ముంచుతూ, మళ్ళీ చారెడు ఉప్పు వేస్తూ సముద్రాన్ని కలిపాం. గొట్టం చివరికి ఇరవై అయిదు గీత దగ్గర కుదురుగా నిలబడింది. తమ ఇంటికి పాలు పోసేవాడి పాలు ఏనాడూ అక్కడిదాకా రాలేదని ఆమె అంది. ఆ లెక్కన మా పేటలో అమ్మే పాలకంటే సముద్రమే చిక్కన.

అప్పుడు మొదలైంది అసలు తంటా. గేటుకు వేపమండలు, లోపలికి డబ్బాలకు డబ్బాలు నీళ్ళు. వీధిలో ఆడవాళ్ళకు ఇక అనుమానమేముంటుంది? చెంబుల్లో సాకకని వేపాకు వేసిన పసుపు నీళ్ళు, గిన్నెల్లో పెరుగన్నం పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. అందరికంటే ముందు పక్కింటి ముసలమ్మ.

"పిల్ల ఏది కొడుకా? తల్లికి సాక పోసి పోత" అంది.

"పిల్ల లేదవ్వా" అన్నాను.

"మరెవలికి పోసింది?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే అటెండరు వేలు చూపించేశాడు. ముసలమ్మ తొట్టి దగ్గరికి వెళ్ళి, కళ్ళు చిన్నవి చేసి, కొంచెం తేటపడుతున్న నీళ్ళలో పెద్ద చేపను చాలాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాను. "పానం ఏదైతేంది, పానమే గద. సల్లంగుండు బిడ్డా" అని చెంబు పైకెత్తింది. తన్నే గేదెకూ గోడకూ మధ్య దూరిన అనుభవం ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. చెంబుకూ తొట్టికీ మధ్య నిలబడ్డాను. సాక మొత్తం నా తల మీద పడింది. నాకు ఇంతవరకూ అమ్మవారు పోయలేదు, అది వేరే సంగతి.

పొద్దు వాలుతుండగా సారు కారు దిగారు. ఆయన వెనకే వాళ్ళావిడ, పిల్లలు. హాల్లో అడుగుపెట్టి సారు తొట్టి ముందు నిలబడ్డారు. నీళ్ళు లేత నిమ్మరసంలా ఉన్నాయి. అడుగు ఇసుక పచ్చగా మారింది, అది ఆ తర్వాత ఎన్ని కడుగుళ్ళు కడిగినా అలాగే ఉంది. చేపలు రెండూ ముందుకొచ్చాయి. పెద్దదాని ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదు.

"తల్లి దిగిపోయింది సార్" అన్నాడు అటెండరు వినయంగా.

ఆ చుక్కలు వాటంతటవే రాలతాయని, రాలి ఇసుకలో పెరిగి మళ్ళీ వస్తాయని సారు కూర్చోబెట్టి చెప్పారు. చెప్పినట్టే మళ్ళీ వచ్చాయి. ఈసారి ఆయన చేపల్ని వేరే తొట్టిలో పెట్టి పద్ధతిగా మందు వాడి తగ్గించారు. అటెండరు మాత్రం రెండోసారి రావడానికి కారణం సాక నా మీద పడటమేనని ఈనాటికీ అంటాడు. సారు వాళ్ళావిడ గేటు వేపమండల్ని తీయనివ్వలేదు. ఎందుకైనా మంచిదని అవి ఎండిపోయిందాకా ఇంట్లో పోపు కూడా వేయలేదట.

నా బదిలీ సంగతి నేను ఎత్తలేదు. ఎత్తే ముఖం లేదు. వానలు మొదలయ్యాక సారే పిలిచారు. "ఉత్తర్వులు వచ్చాయి. అడవికి పోయేది నేను. నువ్వు ఇక్కడే" అన్నారు. పై ఆఫీసులో ఆయన, ఇక్కడ అనుభవమున్న మనిషిని కదపొద్దని గట్టిగా పట్టుబట్టారట. దేనిలో అనుభవమని వాళ్ళడిగితే చెప్పలేదట. నేను చేతులు పట్టుకోబోతే ఆపి, "అక్కడ కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ రోడ్ల మీద తొట్టిని తీసుకుపోతే ఇవి బతకవు. నిన్ను ఇక్కడ ఉంచింది ఊరికే కాదు" అన్నారు. తొట్టి వైపు చూడలేక ముఖం తిప్పుకున్నారు.

అలా సముద్రం మా ఇంటికొచ్చింది. అడవి తప్పిందని సంబరపడ్డాను గానీ, ఆ రోజు నుంచీ ఆర్మూర్ దాటి ఎక్కడా నిద్ర చేయలేదు. పెళ్ళిళ్ళకు పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చాం. ఈ చేపలు మనుషుల్లాగే ఏళ్ళకు ఏళ్ళు బతుకుతాయని సారు అప్పుడు చెప్పలేదు. నేను రిటైరయ్యాను, అవి కాలేదు. చివరికి మా ఆవిడ ఒకరోజు తిండి ముందు పెట్టి, "ఇంట్ల సముద్రం నీళ్ళు పెట్టుకోని సముద్రం చూడందాన్ని లోకంల నేనొక్కదాన్నే ఉంటనేమో. మోకాళ్ళు ఈ మాత్రం ఉన్నప్పుడే తీస్కపో" అంది. ఆమె అడగక అడగక అడిగింది. మొన్న విశాఖపట్నానికి టికెట్లు తీశాను.

తాళంచెవి ఎవరికిస్తాను? అటెండరుకే ఇచ్చాను. అతనూ రిటైరయ్యాడు. గుమ్మంలో నిలబెట్టి పాఠం ఒప్పజెప్పించుకున్నాను.

"చుక్కలొస్తే?"

"నీకు ఫోన్ చేస్త."

"నీళ్ళల్ల ఏమేస్తవ్?"

"ఏమెయ్య. ఒట్టు." ఆ ఒట్టు వేయడానికి చెయ్యెత్తినప్పుడు చొక్కా జేబు అంచున పసుపు మరక కనిపించింది. చెయ్యిపెట్టి తీశాను. చిన్న పొట్లం. "ఉంటె మంచిదని అన్నా. ఏసెటందుకు గాదు" అన్నాడు తల వంచుకుని. పొట్లం నా సంచిలో పడేసుకుని బయల్దేరాను.

సముద్రం ముందు మా ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నీళ్ళలో దిగింది. గంగమ్మ దగ్గరికి వట్టి చేతులతో వచ్చామని బాధపడింది. పసుపు కుంకుమ మర్చిపోయిందట. సంచిలో పొట్లం ఉన్న సంగతి చెప్పాను. ఆమె సంతోషంగా విప్పి, దండం పెట్టి, పొట్లంలోని పసుపంతా అలలో కలిపింది.

అలవాటు కొద్దీ ఆపడానికి చెయ్యి చాచాను. అల వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. పొంగి, నురగ మా కాళ్ళ దాకా తెచ్చింది. వంగి చూశాను. తెల్లగానే ఉంది.